డబ్లిన్ అద్దె మన కథల్లో ఎందుకు లేదు?

డబ్లిన్ గురించి తెలుగువాళ్లు మాట్లాడుకునే మాటల్లో సగం గుణకారాలే. కాఫీ నాలుగు యూరోలు, అంటే నాలుగొందలు. హెయిర్ కట్ ఇరవై, అంటే రెండువేలు. జీతం ఏడాదికి అరవై వేలు, అంటే అరవై లక్షలు! 2025లో యూరో వంద రూపాయలు దాటాక ఈ లెక్కకి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేకుండా పోయింది. రెండు సున్నాలు చేర్చుకుంటే చాలు. ఖర్చుని గుణిస్తే గుండె గుభేలుమంటుంది, జీతాన్ని గుణిస్తే ఊళ్లో పరువు పెరుగుతుంది. కొత్తగా వచ్చినవాడికి మనం ఇచ్చే సలహా కూడా ఇందులోంచే పుడుతుంది: "మొదట్లో అలాగే ఉంటుంది తమ్ముడూ, గుణించడం మానెయ్, అలవాటైపోతుంది."

అలవాటైపోతుంది, నిజమే. నా గొడవ ఆ అలవాటు గురించే. ఖర్చుని మనం వాతావరణంలా చూస్తాం. డబ్లిన్‌లో వాన పడుతుంది, డబ్లిన్‌లో అద్దె ఎక్కువ. రెండింటికీ గొడుగు వేసుకుని నడిచిపోవడమే. కానీ అద్దె ఆకాశంలోంచి పడదు. ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబులోకి పోతుంది. ఎంత పోవాలో, ఎవరికి పోవాలో కొందరు మనుషులు కొన్ని సంవత్సరాల్లో కూర్చుని తీసుకున్న నిర్ణయాలు చెబుతాయి. ఆ సంగతి మన సంభాషణల్లో లేదు. అంతకన్నా ఆశ్చర్యం, మన కథల్లోనూ లేదు.

ముందు లెక్క చూద్దాం, ఈసారి గుణించకుండా.

ఏడాదికి 60,000 యూరోల జీతమున్న ఒంటరి ఇంజనీరుకి 2025 పన్నుల ప్రకారం నెలకి చేతికొచ్చేది సుమారు 3,750. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 2,000 అనుకోండి, అది కూడా దొరికితే. సగానికి పైగా పోయింది. ఇది బాగా సంపాదించేవాడి కథ. ఇప్పుడు మాస్టర్స్ చదవడానికి వచ్చిన కుర్రాడిని చూడండి. కాలేజీ నడిచే నెలల్లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి. 2025లో కనీస వేతనం గంటకి 13.50. వారానికి 270, నెలకి దాదాపు 1,170 యూరోలు. ఒక చిన్న సింగిల్ రూమ్ 800 నుంచి 1,000. మిగిలినదాంట్లో తిండి, బస్సు, ఫోను, ఏడాదికోసారి ఇమ్మిగ్రేషన్ కార్డుకి 300. ఇంట్లోవాళ్లకి మాత్రం వాడి సంపాదన "నెలకి లక్ష పైనే". రెండు సున్నాలు చేర్చి చూస్తే నిజమే మరి.

అందుకే వాడు సింగిల్ రూమ్ తీసుకోడు. రూములో ముగ్గురిలో ఒకడౌతాడు, లేదా హాల్లో కర్టెన్ వెనక పరుపు మీద చేరతాడు. దీనికి మనం పెట్టుకున్న పేరు "అడ్జస్ట్ అవడం".

ఇక్కడొక అపోహ తీసెయ్యాలి. డబ్లిన్‌లో ఖరీదంటే బియ్యం, పప్పు, బట్టలు అని ఇక్కడికి రానివాళ్లు అనుకుంటారు. జర్మన్ చవక దుకాణాల్లో ఒక మనిషికి వారానికి సరిపడా సరుకులు యాభై యూరోల లోపు కొనుక్కోవచ్చు. తొంభై నిమిషాల్లో ఎన్ని బస్సులు మారినా లీప్ కార్డు మీద రెండు యూరోలు. యూరోస్టాట్ లెక్కల్లో ఐర్లండ్, డెన్మార్క్ యూనియన్‌లోకెల్లా ఖరీదైన దేశాలుగా పక్కపక్కనే కనబడతాయి. కానీ ఐర్లండ్‌ని అక్కడ కూర్చోబెట్టింది ముఖ్యంగా ఇల్లే. అద్దె, నీళ్లు, కరెంటు, గ్యాస్ కలిపిన ఖర్చు ఇక్కడ యూనియన్ సగటుకి సుమారు రెట్టింపు. తిండి ధర కూడా సగటు కన్నా ఎక్కువే, కానీ రెట్టింపుకి దరిదాపుల్లో లేదు. కాబట్టి బయట కాఫీ మానేసి, ఇంట్లో పెరుగు తోడు పెట్టుకుని ఈ నగరాన్ని గెలవొచ్చని చెప్పేవాళ్లు నాలుగు రూపాయలు మిగల్చడం నేర్పుతున్నారు, నలభై ఎక్కడ పోతున్నాయో చెప్పడం లేదు.

మరి ఆ నలభై ఎలా పోవడం మొదలైంది?

వందేళ్ల కింద ఈ నగరం మురికివాడలకి పేరుమోసింది. జార్జియన్ కాలపు మేడల్ని గదులుగా విడగొట్టి, గదికొక కుటుంబాన్ని కుక్కి అద్దెకిచ్చేవారు. 1913 సెప్టెంబరులో చర్చ్ స్ట్రీట్‌లో అలాంటి ఇళ్లు రెండు కూలి ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత జరిగిన విచారణలో తేలిందేమిటంటే, నగర కార్పొరేషన్ సభ్యుల్లోనే డజనుకి పైగా ఈ ఇళ్లకి యజమానులు. ఇళ్లు బాగున్నాయో లేదో చూడాల్సినవాళ్లే అద్దె వసూలు చేసుకునేవాళ్లు.

అక్కణ్ణించి ఈ నగరం బయటపడింది కూడా. 1932లో కార్పొరేషన్‌కి గృహనిర్మాణ వాస్తుశిల్పిగా వచ్చిన హెర్బర్ట్ సిమ్స్ చనిపోయేలోగా, అంటే 1948 లోపు, దాదాపు 17,000 ఇళ్లు కట్టించాడు. దేశం పేదది, మధ్యలో ప్రపంచ యుద్ధం. అయినా కట్టారు. 1970ల మధ్యలో దేశంలో కట్టిన కొత్త ఇళ్లలో మూడో వంతు కౌన్సిళ్లు కట్టినవే. తర్వాత ఆ చెయ్యి వెనక్కి వెళ్లింది. ఉన్న కౌన్సిల్ ఇళ్లు అద్దెకున్నవాళ్లకే అమ్మేశారు, వాటి స్థానంలో కొత్తవి సరిపడా కట్టలేదు. ఇల్లు అనేది ప్రైవేటు బిల్డరూ బ్యాంకూ చూసుకునే వ్యవహారమైపోయింది. 2008లో ఆ బిల్డరూ బ్యాంకూ కలిసి మునిగారు. దేశం మొత్తాన్నీ ముంచారు. 2010లో ఐఎంఎఫ్, యూరోపియన్ యూనియన్ల దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చింది. 2006లో దేశమంతా కలిపి దాదాపు తొంభై వేల ఇళ్లు కడితే 2013 నాటికి అది పదివేలు కూడా లేదు. 2015లో కౌన్సిళ్లు తమంతట తాము కట్టినవి దేశం మొత్తమ్మీద వంద కూడా లేవు. సరిగ్గా అదే కాలంలో ప్రభుత్వం పేదవాళ్ల అద్దెని ప్రైవేటు యజమానులకి తానే కట్టే పథకం మొదలుపెట్టింది. ఇల్లు కట్టాల్సిన డబ్బు అద్దె రూపంలో యజమాని ఖాతాలోకి నెలనెలా పోతోంది.

దీనికి ఇంకో దారి ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. జడ్జి జాన్ కెనీ అధ్యక్షతన వేసిన కమిటీ 1973లోనే ఒక నివేదిక రాసింది. దాని సారాంశం మన రియల్ ఎస్టేట్ తెలిసిన ఎవరికైనా ఒక్క నిమిషంలో అర్థమౌతుంది. ఊరి పక్క పొలం ధర పెరిగేది రైతు చెమటతో కాదు. ప్రభుత్వం అక్కడికి రోడ్డూ నీళ్లూ డ్రైనేజీ తెస్తుంది గనక, అక్కడ ఇళ్లు కట్టొచ్చని కాయితం మీద రాస్తుంది గనక. అలాంటప్పుడు ఆ పెరుగుదల ప్రజలది. కాబట్టి కౌన్సిల్ ఆ భూమిని పొలం ధరకి 25 శాతం కలిపి కొనుక్కోవచ్చు. అంతే. యాభై ఏళ్లు దాటింది. పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, ఆ సిఫార్సు మాత్రం అమల్లోకి రాలేదు.

డబ్బు లేదేమో అనుకోకండి. యాపిల్ కంపెనీ ఐర్లండ్‌కి 1,300 కోట్ల యూరోల పన్ను బకాయి కట్టి తీరాలని 2024 సెప్టెంబరులో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. మాకు రావాల్సిన డబ్బు మాకొద్దని ఎదురు వాదించినవాళ్లలో ఐర్లండ్ ప్రభుత్వం కూడా ఉంది! మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లని ఇక్కడికి లాక్కొచ్చినదీ ఈ పన్నుల విధానమే. కంపెనీలకి తక్కువ పన్ను, ఉద్యోగులకి ఎక్కువ అద్దె. జీతంలో పెద్దగా కనబడేదాంట్లో మంచి వాటా నేలకి యజమానులైనవాళ్లకి చేరుతోంది. మనం మధ్యలో నడిచే పైపులం.

ఇంతవరకూ చెప్పాక మన మిత్రులు రెండు మాటలంటారు. మొదటిది: "ఏముంది, డిమాండ్ ఎక్కువ, సప్లై తక్కువ." సరే, సప్లై ఎందుకు తక్కువో ఇప్పుడే చెప్పాను. ఇంకొకటి కూడా చూడండి. 2022 జనాభా లెక్కల రాత్రి ఈ దేశంలో 1,66,000కి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. సెలవులకి వెళ్లే ఇళ్లు ఇందులో కలపలేదు. అదే లెక్కల్లో ఐదు లక్షలకి పైగా పెద్దవాళ్లు ఇంకా అమ్మానాన్నల ఇళ్లలోనే ఉంటున్నారు. 2025 మొదట్లో ప్రభుత్వం ఇచ్చే తాత్కాలిక వసతిలో ఉన్న ఇల్లులేనివాళ్లు 15,000 దాటారు, వాళ్లలో నాలుగున్నర వేలకి పైగా పిల్లలు. సప్లై, డిమాండ్ అనే రెండు గీతల బొమ్మలో ఈ ఖాళీ ఇల్లూ, ఈ పిల్లవాడూ ఎందుకు కలవలేదో ఉండదు.

రెండో మాట: "పెద్ద నగరాలన్నీ ఇంతే." వియన్నా ఇంత కాదు. 1923లో అక్కడి మునిసిపాలిటీ ఇళ్ల మీద పన్ను వేసింది, పెద్ద ఇంటికి చాలా ఎక్కువ, చిన్న ఇంటికి నామమాత్రం. ఆ డబ్బుతో 1934 లోపు అరవై వేలకి పైగా ఫ్లాట్లు కట్టింది. ఈరోజుకీ ఆ నగరం చేతిలో రెండు లక్షల పైచిలుకు సొంత ఫ్లాట్లున్నాయి. వియన్నా జనంలో దాదాపు సగం మునిసిపల్ ఇళ్లలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లలోనో ఉంటారు. స్వర్గం అనడం లేదు. కొత్తగా వెళ్లిన పరాయి దేశస్థుడికి ఆ ఇళ్లు వెంటనే దొరకవు. కానీ అదీ యూరప్ రాజధానే, అక్కడా సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి. అద్దె వాతావరణం అయితే ఈ తేడా వచ్చేది కాదు.

ఇదంతా మనకెందుకు, నాలుగేళ్లు సంపాదించుకుని పోయేవాళ్లం కదా అంటారా? మనకెందుకో 2025 వేసవిలో తెలిసింది. జులైలో డబ్లిన్ శివారు తాలాలో ఒక భారతీయుడి మీద దారుణంగా దాడి జరిగింది. తర్వాత ఇంకొన్ని జరిగాయి. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. అంతకుముందు 2023 నవంబరులో ఇదే నగరం నడిబొడ్డున బస్సులూ ట్రామూ తగలబడ్డాయి. ఈ గుంపులు పట్టుకు తిరిగే నినాదం ఒకటే: ఐర్లండ్ నిండిపోయింది. ఇప్పటి రిపబ్లిక్ సరిహద్దుల్లో 1841లో 65 లక్షలమంది బతికారు. 2022లో ఉన్నది 51 లక్షలే. కరువు ముందరి జనాభాని ఇంకా అందుకోని దేశం నిండిపోవడం ఏంటి?

కానీ ఆ నినాదం ఎందుకు అంటుకుంటుందో ఆలోచించాలి. తాలాలోనో బాలీమన్‌లోనో ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు తను పుట్టిన గదిలోనే ఇంకా పడుకుంటున్నాడు. వాడి ఇబ్బంది నిజం. ఆ ఇబ్బందికి కారణం చెప్పే కథ ఒకటి వాడికి కావాలి. కెనీ నివేదిక ఎవరూ వాడికి చెప్పలేదు. "మీ ఇల్లు ఆ ఇండియన్ తీసుకున్నాడు" అన్న కథ మాత్రం ఫోన్‌లోకి రోజూ వస్తోంది. అద్దె గురించి మనం నోరు మూసుకుంటే ఆ ఖాళీలో మన గురించి ఇంకొకరు కథ రాస్తారు. రాస్తున్నారు.

ఇక సాహిత్యానికొస్తాను.

డబ్లిన్ నాకు ముందు పుస్తకాల్లో పరిచయం. ఈ నగరం రచయితలకి అద్దె అంటే చిన్నచూపు లేదు. జాయిస్ కుటుంబం ఇరవై దాకా ఇళ్లు మారింది. ఆయన 'డబ్లినర్స్'లో బోర్డింగ్ హౌస్ కథ ఉంది. వారానికి 15 షిల్లింగులు కట్టే కుర్రాళ్ల ఇల్లు అది. ఆ కథలో ప్రేమా పెళ్లీ పరువూ అన్నీ ఆ పదిహేను షిల్లింగుల నేల మీదే నడుస్తాయి. షాన్ ఓకేసీ 'ద షాడో ఆఫ్ ఎ గన్‌మన్' 1923లో ఆబీ థియేటర్‌లో ఆడింది. బయట స్వాతంత్ర్య పోరాటం, తుపాకులు, వీరత్వం. లోపల గదిలోకి ఇంటి ఓనర్ వచ్చి బకాయి అడిగి, ఖాళీ చెయ్యమంటాడు. దేశం పుడుతున్న సమయంలో అద్దె అడగడమేంటని ఓకేసీ అనుకోలేదు. దేశం ఎవరికి పుడుతోందో ఆ బకాయిలోనే తెలుస్తుందని ఆయనకి తెలుసు.

మన ప్రవాస కథలు తీసుకోండి. నేను చదివినవాటిలో ఎక్కువభాగం ఒకే వంటింట్లో తిరుగుతాయి. ఆవకాయ వాసన, అమ్మ ఫోను, మంచు, పిల్లలకి తెలుగు రాకపోవడం, వదిలొచ్చిన ఊరు. ఇవి అబద్ధాలని నేననను. కానీ ఆ పాత్ర ఏ ఇంట్లో కూర్చుని అమ్మని తలుచుకుంటోంది? ఆ ఇంటికి ఎంత కడుతోంది? లీజు ఎవరి పేరు మీద ఉంది? బెంగ పడ్డానికి కూడా ఒక గది కావాలి కదా! హాల్లో కర్టెన్ వెనక ముగ్గురితో పడుకునేవాడికి అమ్మతో వీడియో కాల్ మాట్లాడే చోటు ఉండదు. వాడు మెట్ల మీదకెళ్లి మాట్లాడతాడు, వెనక గోడ కనబడకుండా ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని. ఆ మెట్లు మన కథల్లోకి రాలేదు.

డబ్బు సంగతి సాహిత్యానికి ముతక వస్తువు అనే మాట తెలుగులో చెల్లదు. మనకి 'కన్యాశుల్కం' ఉంది, పేరులోనే ధర ఉన్న నాటకం. 'యజ్ఞం' ఉంది. కాళీపట్నం రామారావు ఒక అప్పు తీర్చే పంచాయితీని పట్టుకుని ఊరి చరిత్ర మొత్తం విప్పారు. వడ్డీ లెక్క ఎవరు రాశారు, ఊరు బాగుపడింది అన్నప్పుడు ఎవరు బాగుపడ్డారు అని అడిగారు. అప్పు మీద అంత కథ రాయగలిగిన భాష, విమానం ఎక్కగానే అద్దెని ఎందుకు మర్చిపోయింది?

నా అనుమానం చెబుతాను, కొందరికి కోపం రావచ్చు. అద్దె గురించి రాస్తే ఓడిపోయినట్టు కనబడతాం. ఊళ్లో అరవై లక్షలన్నాక కర్టెన్ సంగతి ఎలా రాస్తాం? బెంగ గౌరవంగా ఉంటుంది, బకాయి ఉండదు. ఇంకో కారణం దీనికన్నా లోతైనది. మనం అద్దెకున్నవాళ్ల పక్షాన ఆలోచించం. ఇవాళ అద్దెకున్నా మనసులో ఓనర్లమే.

ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో చూడండి. "షేరింగ్ అవైలబుల్, ఓన్లీ తెలుగు, వెజ్ ప్రిఫర్డ్." లీజు ఒకరి పేరు మీద, పరుపులు ఆరుగురివి. ఆరుగురి దగ్గరా వసూలు చేసి, తను మాత్రం పైసా కట్టకుండా మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఉండే అన్నలు నాకు తెలుసు. కుర్రాడు విమానం ఎక్కకముందే మూడు నెలల డబ్బు పంపించమంటారు. మామూలు అద్దె ఒప్పందంలో డిపాజిట్, అడ్వాన్సు కలిపి రెండు నెలల అద్దె మించకూడదని 2021 నుంచి చట్టం ఉందని వాడికి ఎవరూ చెప్పరు. యజమాని ఉంటున్న ఇంట్లోనే గది తీసుకుంటే ఆ రక్షణ కూడా వర్తించదని అసలే చెప్పరు. అన్నా అని పిలిపించుకుంటూ చేసే వ్యాపారం ఇది. మన కులాల గోల, మన శాకాహారం, మన ఊరివాడన్న ప్రేమ, అన్నీ ఆ పరుపు ధరలో కలిసే ఉంటాయి. ఒక మంచి నవలకి సరిపడా సరుకు.

ఆ మిగిల్చిన డబ్బు ఎక్కడికి పోతుంది? హైదరాబాద్‌కి, ప్లాట్ కొనడానికి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటినప్పుడు డబ్లిన్ గ్రూపుల్లో పండగ చేసుకున్నారు. "చూశావా, శంకర్‌పల్లిలో అప్పుడే తీసుకోమన్నాను." రోడ్డు పడింది, ధర పెరిగింది, మనం తెలివైనవాళ్లం. జడ్జి కెనీ అడిగిన ప్రశ్న ఇక్కడ ఎవరికీ రాదు. ఆ రోడ్డు ఎవరి డబ్బు? ఆ ధరలో రేపు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరే అమ్మాయి ఎక్కడ ఉంటుంది? డబ్లిన్‌లో ఓనర్‌ని తిట్టే నోటితోనే హైదరాబాద్‌లో ఓనర్‌గా మాట్లాడతాం. మన కథకుడు కూడా ఈ రెండు నగరాల మధ్యే కూర్చున్నాడు. అందుకే అటు తిట్టలేడు, ఇటు అడగలేడు.

ప్లాట్ కొనడం పాపమని నా వాదన కాదు. జీతం మీద బతికేవాడు ముసలితనానికి ఏదో ఒకటి దాచుకోవాలి. నేను అడిగేది, దాచుకుంటున్న చోట ఏం జరుగుతోందో చూడమని. చూశాక రాయమని.

డబ్లిన్‌లో ఉన్నవాళ్లు చెయ్యగలిగింది ఇంకొంచెం ఉంది. 2019లో పుట్టిన కాటు అనే అద్దెదారుల సంఘం ఉంది. సభ్యత్వానికి ఏ దేశం పాస్‌పోర్టని అడగరు. 2023 మార్చి 31తో శీతాకాలపు ఖాళీ చేయింపుల నిషేధం ఎత్తేశాక నాకూ ఫ్లాట్ అమ్మేస్తున్నామని నోటీసొచ్చింది. ఇరవైకి పైగా ఇళ్ల ముందు క్యూల్లో నిలబడ్డాను, చేతిలో పే స్లిప్పులూ పాత ఓనర్ ఉత్తరం పట్టుకుని. నా ముందూ వెనకా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఇక్కడివాళ్లే. ఒక నర్సు, ఒక బడి టీచరు, భార్య గర్భంతో ఉన్న ఒక బస్సు డ్రైవరు. ఇల్లు ఒకటి, మేం నలభైమంది. అక్కడ ఎవరూ ఎవరి ఇల్లూ లాక్కోవడం లేదు. అందర్నీ ఒకే మనిషి లోపల్నించి కిటికీలోంచి లెక్కపెడుతున్నాడు.

ఆ క్యూ గురించి తెలుగులో ఒక కథ కావాలి. అందులో ఆవకాయ ఉన్నా పర్వాలేదు. కానీ నెల అద్దె ఎంతో, అది ఎవరికి పోతోందో, ఆ అంకె యూరోల్లోనే రాసి ఉండాలి.